మా ఇంటికొచ్చే తీగ ఏది, రాత్రి తొమ్మిదింటికి దాని వేగం ఎంత? ఇంటర్నెట్ కంపెనీలకు, అధికారులకు నల్గొండ నుంచి బహిరంగ లేఖ

నల్గొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ఇళ్లకు ఇంటర్నెట్ ఇస్తున్న కంపెనీల యాజమాన్యాలకు,
వాటి తరఫున వీధుల్లో లైన్లు నడిపే కేబుల్ ఆపరేటర్లకు,
టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అధికారులకు, రెండు జిల్లాల కలెక్టర్లకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను నల్గొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే లెక్చరర్‌ని. సాయంత్రం కాలేజీ అయ్యాక ఇంటి నుంచే హాలియా, దేవరకొండ, కొండమల్లేపల్లి వైపు పిల్లలకు ఆన్‌లైన్‌లో క్లాసులు చెబుతాను. మా ఇంట్లో ఉన్నది టెలిఫోన్ తీగ మీద వచ్చే డీఎస్ఎల్ కనెక్షన్. మా చెల్లెలు మహబూబ్‌నగర్‌లో ఉంటుంది. వాళ్లింటికి కేబుల్ టీవీ వైరు మీద నెట్ వస్తుంది. ప్లాన్ కాగితం మీద రాసిన వేగం రెండిళ్లలోనూ రాదు. రాకపోవడానికి కారణాలు మాత్రం వేర్వేరు. అవి మీకు తెలుసు, మాకు చెప్పరు.

మా కాలనీ వాళ్లం కలిసి ఫిర్యాదు చేస్తే 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోన్లకు మెసేజ్ వచ్చింది. వేగం మాత్రం అంతకు ముందు ఎంతో ఆ తర్వాతా అంతే. ఉత్తరం రాసి ఇస్తే ఇప్పటికీ జవాబు లేదు. మా చెల్లెలి వీధిలోనూ ఇదే కథ. ఇక అందరూ చదివేలా రాయడమే మిగిలింది.

మేం అడిగేది ఒక్కటే. మేం డబ్బు కట్టే ముందే మా ఇంటికి వచ్చే తీగ ఏదో, ఆ తీగ మీద మా వీధిలో రాత్రి తొమ్మిదింటికి డౌన్‌లోడ్ ఎంత వస్తుందో, అప్‌లోడ్ ఎంత వస్తుందో కాగితం మీద రాసి ఇవ్వండి.

ముందు టెలిఫోన్ తీగ సంగతి. అది ల్యాండ్‌లైన్ కోసం వేసిన రాగి తీగల జత. మన మాట వెళ్లే తక్కువ ఫ్రీక్వెన్సీల పైన, డీఎస్ఎల్‌లో ఒక రకమైన ఏడీఎస్ఎల్2ప్లస్ పద్ధతిలో 2.2 మెగాహెర్ట్జ్ దాకా, డేటా నడుస్తుంది. స్ప్లిటర్ అనే చిన్న డబ్బా రెండింటినీ వేరు చేస్తుంది కాబట్టి ఫోన్ మాట్లాడుతున్నా నెట్ ఆగదు. ఈ పద్ధతికి పై హద్దు 24 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 24 మెగాబిట్లు. అది కూడా టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ నుంచి కిలోమీటరు లోపు ఉన్న ఇంటికే. మూడు కిలోమీటర్ల దగ్గర సుమారు 8కి తగ్గుతుంది. ఐదు కిలోమీటర్లు వచ్చేసరికి ఒకటో రెండో మిగులుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ రాగిలో సిగ్నల్ త్వరగా బలహీనపడుతుంది. అందుకే దూరం పెరిగితే ముందు పోయేది పై ఫ్రీక్వెన్సీలు మోసే డేటానే. ఇందులో ఎవరి తప్పూ లేదు. గడియారం సెంటర్ పక్కన ఉన్న ఇంటికీ, ఊరి చివర వెంచర్‌లో ఇల్లు కట్టుకున్న వాళ్లకూ '24 ఎంబీపీఎస్ వరకు' అని ఒకే ప్లాన్ ఒకే ధరకు అమ్ముతున్నారు చూడండి, తప్పు అక్కడ ఉంది.

పైగా ఇది రోడ్డు మీద బండితో కొలిచే దూరం కాదు. తీగ ఎక్స్ఛేంజ్ నుంచి క్యాబినెట్‌కు, అక్కడి నుంచి వీధిలో ఇళ్లకు తీగలు పంచే డీపీ బాక్సుకు, ఆ తర్వాత స్తంభాల మీదుగా తిరిగి తిరిగి ఇంటికి వస్తుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు, డ్రైనేజీ కోసం తవ్వినప్పుడు తెగిన చోటల్లా జాయింట్లు వేశారు. వానాకాలంలో ఆ జాయింట్లలోకి నీళ్లు దిగితే ఫోన్‌లో గరగర, నెట్‌లో డిస్‌కనెక్షన్. మోడెమ్ పేజీ తెరిస్తే లైన్ అటెన్యుయేషన్ అని, అంటే దారిలో సిగ్నల్ ఎంత బలహీనపడిందో, డెసిబెల్స్‌లో ఒక అంకె కనిపిస్తుంది. అది 20 దగ్గర ఉంటే లైన్ బాగున్నట్టు, 60 దాటితే కనెక్షన్ నిలబడటమే కష్టం. మీ ఆఫీసులో కూర్చున్న ఇంజినీరుకూ ఆ అంకె కనిపిస్తుంది. అది తెలిసి కూడా మా కాలనీలో 24 ప్లాన్ అమ్మారు. మా ఇంట్లో వచ్చేది పగలైనా రాత్రయినా 6 చుట్టూనే.

కేబుల్ సంగతి వేరు. టీవీ కోసం వేసిన కో-ఆక్సియల్ వైరు వందల మెగాహెర్ట్జ్ మోయగలదు. డాక్సిస్ అనే పద్ధతిలో ఒక టీవీ ఛానెల్ అంత వెడల్పు, అంటే 8 మెగాహెర్ట్జ్, సుమారు 50 ఎంబీపీఎస్ మోస్తుంది. 2006లో వచ్చిన డాక్సిస్ 3.0 నుంచి అలాంటి ఛానెళ్లను కలిపి వాడొచ్చు. నాలుగు కలిపితే 200, ఎనిమిది కలిపితే 400. కాగితం మీద చూస్తే రాగి తీగ దీని దరిదాపుల్లోకి కూడా రాదు. కానీ ఆ 400 ఏ ఒక్క ఇంటిదీ కాదు, ఆ నోడ్ మీద, అంటే కొన్ని వీధులకు కలిపి సిగ్నల్ పంచే డబ్బా మీద, ఉన్న ఇళ్లందరిదీ. పొద్దున్నే అందరూ ఒకేసారి నల్లా తిప్పితే వీధి చివరి ఇంట్లో బిందె నిండటానికి ఎంతసేపు పడుతుందో మన ఊళ్లో వేరే చెప్పక్కర్లేదు. కేబుల్ నెట్‌లో రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా జరిగేది అదే.

ఈ తేడాను మేమే కొలిచి చూశాం. నేనూ మా చెల్లెలూ వైఫై ఆపేసి, ల్యాప్‌టాప్‌కు నేరుగా ల్యాన్ వైరు పెట్టి, ఒకే సమయానికి స్పీడ్ టెస్ట్ చేశాం. వైఫై తప్పును లైన్ మీద వేయకూడదని ఈ జాగ్రత్త. ఉదయం ఆరింటికి వాళ్ల ఇంట్లో ప్లాన్‌లో చెప్పిన 50 దాదాపు పూర్తిగా వస్తుంది. రాత్రి తొమ్మిదికి అది 4కో 5కో దిగిపోతుంది. క్రికెట్ మ్యాచ్ ఉంటే ఇంకా కిందికి. అంటే ఉదయం మా లైన్‌కు ఎనిమిది రెట్లు వేగంగా ఉన్న కేబుల్, రాత్రి మా పాత రాగి తీగ కంటే వెనకబడుతోంది. డీఎస్ఎల్‌లో ఇంటి నుంచి ఎక్స్ఛేంజ్ దాకా తీగ మా ఒక్కరిదే కాబట్టి పక్కింటి వాళ్లు సినిమా పెడితే మా వేగం అంతగా తగ్గదు. ఎక్స్ఛేంజ్ నుంచి బయటికి పోయే లింకు అందరిదీ కాబట్టి అక్కడ ఇరుకైతే మాకూ కష్టమే, అది వేరే విషయం. ఏది మంచిదని ఎవరైనా అడిగితే మీ ఇల్లు ఎక్స్ఛేంజ్‌కు ఎంత దూరం, మీ కేబుల్ నోడ్ మీద ఎన్ని ఇళ్లున్నాయి అని నేను తిరిగి అడగాలి. ఆ రెండు అంకెలూ కంపెనీ దగ్గరే ఉన్నాయి. అవి బయట పెట్టకుండా మమ్మల్ని ప్లాన్లు పోల్చుకొమ్మంటే ఎలా పోల్చుకోవాలి?

అప్‌లోడ్ గురించి మీ పాంప్లెట్లలో ఒక్క మాట ఉండదు. ఏడీఎస్ఎల్2ప్లస్‌లో పైకి వెళ్లే వేగం ఒక ఎంబీపీఎస్ చుట్టూ ఉంటుంది, ఎక్స్ఛేంజ్ పక్కన కూర్చున్నా అంతే. కేబుల్‌లో పైకి వెళ్లే డేటాకు అడుగున ఉన్న కొద్దిపాటి ఫ్రీక్వెన్సీలే దక్కుతాయి. వీధిలోని ఇళ్లన్నింటి నుంచీ వచ్చే నాయిస్ కూడా అక్కడే పోగవుతుంది. ఒక ఇంట్లో టీవీ వెనక కనెక్టర్ వదులైతే వీధి మొత్తానికి అప్‌లోడ్ దెబ్బతింటుంది. నేను బోర్డు మీద రాసేది పిల్లలకు స్పష్టంగా కనిపించాలంటే నాకు పైకి రెండు మూడు ఎంబీపీఎస్ కావాలి. డౌన్‌లోడ్ ఎంత ఇచ్చినా ఆ లోటు తీరదు.

కరెంటు విషయం కూడా చెప్పాలి, ఎండాకాలంలో ఇది పెద్ద తేడా. ఎక్స్ఛేంజ్‌లో బ్యాటరీలు ఉంటాయి కాబట్టి ఇంట్లో మోడెమ్‌కు ఇన్వర్టర్ ఉంటే కరెంటు పోయినా డీఎస్ఎల్ నడుస్తుంది. కేబుల్‌కు వీధిలో అక్కడక్కడా సిగ్నల్‌ను పెంచే ఆంప్లిఫయర్లు ఉంటాయి. వాటికి బ్యాకప్ పెట్టకపోతే మా ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ పోతుంది. కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఈ మాట చెప్పే వాళ్లను నేను చూడలేదు.

ఇప్పుడు ఎక్కడ చూసినా 'ఫైబర్' అని బోర్డులు. నిజంగా ఇంటి లోపలి దాకా ఫైబర్ వేసిన చోట ఈ గొడవలు చాలా వరకు ఉండవు, దాన్ని మనసారా స్వాగతిస్తున్నాం. కానీ చాలా వీధుల్లో ఫైబర్ మూలమలుపు దాకానే వచ్చి, అక్కడి నుంచి ఇంటికి మళ్లీ ల్యాన్ వైరో, కో-ఆక్సియలో, పాత రాగి తీగో ఉంటోంది. ల్యాన్ వైరుకు వంద మీటర్లు హద్దు. అది దాటితే మధ్యలో సిగ్నల్‌ను ముందుకు పంపే స్విచ్ అనే డబ్బా పెట్టాలి, ఆ స్విచ్‌కు ఎవరి ఇంటి నుంచో కరెంటు తీసుకోవాలి. ఆ ఇంటివాళ్లు ఊరెళ్లి మెయిన్ ఆపితే లైన్లో ఉన్న వాళ్లందరికీ నెట్ బంద్. దీన్ని కూడా ఫైబర్ పేరు మీదే అమ్ముతున్నారు.

దీని వల్ల మామూలు జనానికి జరుగుతున్నది ఇది:

1. పిల్లల చదువు. ఎప్‌సెట్ అయ్యాక వెబ్ ఆప్షన్లు, డిగ్రీకి దోస్త్ రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ల అప్‌లోడ్, ఫీజు చెల్లింపు, అన్నీ ఆన్‌లైన్‌లోనే. పగలంతా పనికి పోయే తల్లిదండ్రులు పిల్లలతో కూర్చుని కాలేజీల వరస పెట్టేది రాత్రి పూటే. సరిగ్గా అప్పుడే లైన్ పడిపోతుంది. ఆప్షన్లు సేవ్ కాకపోతే, పెట్టిన వరస పోతే, ఆ పిల్లకు దగ్గర్లో రావాల్సిన సీటు ఎక్కడో వస్తుంది. నా క్లాసులో ఉండే ఒక అమ్మాయి చివరి తేదీ రాత్రి నెట్ రాక, తెల్లారి నెట్ సెంటర్ తెరిచేదాకా కూర్చుంది. అప్పటికి గడువు అయిపోయింది. ఆ కుటుంబానికి నెల బిల్లు తిరిగి ఇచ్చినా ఏం లాభం?

2. ఇంటి నుంచి పని. హైదరాబాద్ ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. అక్కడ అద్దెలు కట్టలేక, ముసలి తల్లిదండ్రులను వదల్లేక, సొంత ఊళ్లో ఉండి పని చేసుకుందామని వచ్చిన పిల్లలు మా కాలనీలోనే ఉన్నారు. అమెరికా వాళ్లతో మీటింగ్ పడేది రాత్రి పూట. మాట మధ్యలో తెగిపోతుంటే మేనేజర్ ఒకసారి ఊరుకుంటాడు, రెండోసారి ఊరుకుంటాడు. ఒకబ్బాయి డీఎస్ఎల్, కేబుల్ రెండూ పెట్టించుకుని రెండింటికీ బిల్లు కడుతున్నాడు. వాటికి తోడు మొబైల్ డేటా. మూడు బిల్లులు కట్టినా ఉద్యోగం ఉంటుందో పోతుందో అని టెన్షనే.

3. వలస కుటుంబాలు. పాలమూరు నుంచి ముంబై, పుణె పోయిన వాళ్ల పిల్లలు ఇక్కడ అవ్వాతాతల దగ్గర పెరుగుతున్నారు. పని దిగి, వంట చేసుకుని వాళ్లు వీడియో కాల్ చేసేది రాత్రి తొమ్మిదికే.

4. చేనేత, చిన్న వ్యాపారాలు. పుట్టపాక, గద్వాల నేతన్నలు ఇప్పుడు చీర ఫొటోలు, వీడియోలు నేరుగా కొనేవాళ్లకు పంపుతున్నారు. రంగు సరిగ్గా కనబడేలా మంచి వీడియో పంపాలంటే అప్‌లోడ్ కావాలి. అది లేకపోతే మళ్లీ దళారీ దగ్గరికి పోవాల్సిందే.

5. డబ్బు. ఆరు నెలలకో ఏడాదికో ముందే కట్టించుకుంటున్నారు. ప్రకటనలో 500 అని ఉంటుంది, 18 శాతం జీఎస్టీ కలిపితే 590. వేగం రాలేదని మానేద్దామంటే మిగిలిన నెలల డబ్బు వెనక్కి రాదు. డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు కంప్యూటర్ చూపించేది మెగాబైట్లలో, మీ ప్లాన్ ఉండేది మెగాబిట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి 24 ప్లాన్ పూర్తిగా వచ్చినా సెకనుకు 3 మెగాబైట్లే. ఈ ఒక్క లెక్క చెప్పకపోవడం వల్లే రోజూ కేబులాయనతో గొడవ పడే ముసలివాళ్లు ఉన్నారు. ఆయనకూ పాపం దీని గురించి ఎవరూ చెప్పలేదు.

నిబంధనలు లేవని మీరు అనలేరు. 2006లో ట్రాయ్ తెచ్చిన బ్రాడ్‌బ్యాండ్ నాణ్యత నిబంధనలు ప్లాన్ వేగంలో 80 శాతానికి మించి అందాలన్నాయి. 2009లో ఇళ్ల కనెక్షన్లకు ఒకే బ్యాండ్‌విడ్త్‌ను యాభై మందికి మించి పంచవద్దని చెప్పింది. 2024 అక్టోబర్ నుంచి కొత్త నాణ్యత ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. ఇక బ్రాడ్‌బ్యాండ్ అనే పేరుకు ఉండాల్సిన కనీస వేగం 2004లో 256 కేబీపీఎస్ (వెయ్యి కేబీపీఎస్ ఒక ఎంబీపీఎస్), 2013లో 512 కేబీపీఎస్, 2023 జనవరి నుంచి 2 ఎంబీపీఎస్. ఈ కనీస వేగం మమ్మల్ని కాపాడదు. 24 అని అమ్మి రెండున్నర ఇచ్చినా అది చట్టం ప్రకారం బ్రాడ్‌బ్యాండే అవుతుంది. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు తీసుకోదు, ముందు కంపెనీకి, అక్కడ కాకపోతే అదే కంపెనీ అప్పీలు అధికారికి చెప్పుకొమ్మంటుంది. కంపెనీ తప్పును కంపెనీయే విచారించే ఈ దారిలో మాకు దొరికింది పైన రాసిన మెసేజ్ ఒక్కటే.

అందుకే మా డిమాండ్లు ఇవి:

1. కొత్త కనెక్షన్ ఇచ్చే ముందు, పాత వాళ్లకు వచ్చే బిల్లుతో పాటు, తెలుగులో ఒక చీటీ ఇవ్వాలి. ఇంటికి వచ్చే చివరి తీగ ఏది, డీఎస్ఎల్ అయితే తీగ పొడవు ఎంత, కేబుల్ అయితే నోడ్ మీద ఎన్ని ఇళ్లు, రాత్రి వేళ వచ్చే కనీస డౌన్‌లోడ్, అప్‌లోడ్ ఎంత, జీఎస్టీతో కలిపి ధర ఎంత, అన్నీ అందులో ఉండాలి. 'వరకు' అనే మాట అందులో ఉండకూడదు.

2. రాత్రి ఏడు నుంచి పదకొండు మధ్య ప్రతి ఎక్స్ఛేంజ్, ప్రతి నోడ్ మీద కొలిచిన వేగాన్ని నెలనెలా ప్రకటించాలి. ఆపరేటర్ ఆఫీసు గోడ మీద కూడా అంటించాలి. ఈ కొలతను సొంతంగా తనిఖీ చేసే బాధ్యత ట్రాయ్ తీసుకోవాలి.

3. చెప్పిన వేగంలో 80 శాతం వరుసగా మూడు రాత్రులు రాకపోతే అడగకుండానే బిల్లు తగ్గాలి. నెల దాటినా బాగు కాకపోతే ముందుగా కట్టిన డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చి, పెనాల్టీ లేకుండా వదిలేయాలి.

4. రాత్రి వేళ నిండిపోతున్న కేబుల్ నోడ్లను విడగొట్టాలి. విడగొట్టేదాకా ఆ వీధిలో కొత్త కనెక్షన్లు అమ్మకూడదు. ఆంప్లిఫయర్లకు బ్యాటరీ బ్యాకప్ పెట్టాలి.

5. ఇంటి లోపలి దాకా ఫైబర్ లేని కనెక్షన్‌ను ఫైబర్ అని ప్రచారం చేయడం ఆపాలి.

6. రాగి లైన్లు తీసేస్తున్న చోట బదులు లైన్ పని చేస్తోందని తేలాకే పాతది తీయాలి. కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తొలగించాల్సి వస్తే ముందుగా కాలనీకి తెలపాలి. స్తంభాల భద్రత మాకూ ముఖ్యమే, మేం అడిగేది వారం ముందు ఒక నోటీసు.

7. కలెక్టర్ గార్లకు మనవి: టెలికాం కేంద్రం చేతిలో ఉందని మాకు తెలుసు. అయినా కంపెనీలను, ఆపరేటర్లను, మునిసిపాలిటీని, విద్యుత్ సంస్థను ఒక బల్ల ముందు కూర్చోబెట్టగలిగేది మీరే. మూడు నెలలకోసారి ఆ సమావేశం పెట్టండి, సోమవారం ప్రజావాణిలో వచ్చే ఇంటర్నెట్ ఫిర్యాదులు అందులో ముందుంచండి. మిషన్ భగీరథ పైపులతో పాటే ఫైబర్ కోసం గొట్టాలు వేశారు. 2024 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా మొదలైన ఊళ్లలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. మిగతా మండలాల్లో ఏ ఊరికి ఎప్పుడు ఇళ్ల దాకా లైన్ వస్తుందో తేదీలతో జాబితా పెట్టించండి. ఆ తేదీ తెలిస్తే ఈలోపు ఏడాది ప్లాన్‌కు డబ్బు కట్టాలో వద్దో మేం తేల్చుకుంటాం.

నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. రాకపోతే మేం కొలిచిన వేగాల పట్టిక, బిల్లులు, మీరు పంపిన మెసేజ్‌లు తీసుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం టెలికాంను సేవల్లో చేర్చింది. టెలికాం కంపెనీల మీద వినియోగదారుల ఫోరంలో కేసు వేయొచ్చని సుప్రీంకోర్టు కూడా 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. ఇలాంటి ఇబ్బంది పడుతున్న ఇతర కాలనీల వాళ్లు కూడా ల్యాన్ వైరు పెట్టి రాత్రి తొమ్మిదికి వేగం కొలిచి, తేదీతో స్క్రీన్‌షాట్ దాచుకోండి. కేసు వేయాల్సి వస్తే అవి పనికొస్తాయి.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
కాలనీ వాసుల తరఫున,
నల్గొండ